ఎలక్ట్రానిక్ కళ: ఏది మారవచ్చు, ఏది మారకూడదు?

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఎలక్ట్రానిక్ పరికరాలు, కంప్యూటర్ ప్రోగ్రాములతో తయారయ్యే కళాకృతి చిత్రం, శిల్పం వంటి వాటికి ఏ విధంగా భిన్నమో వివరించగలుగుతారు.
• నామ్ జూన్ పైక్ చేసిన మూడు కృతుల ఆధారంగా, ఒక కృతిలో దేనికి ప్రాధాన్యం ఉందో గుర్తించగలుగుతారు.
• పాడైన పరికరం స్థానంలో కొత్తది పెట్టడం సరైనదా, కాదా అనే విషయంపై కారణాలతో అభిప్రాయం చెప్పగలుగుతారు.
• ఇటువంటి కృతిని ప్రదర్శనలో చూసి విమర్శ రాయగలుగుతారు.

9.1 పరిచయం

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక కళాశాలలో విద్యార్థుల ప్రదర్శనకు పరీక్షకుడిగా వెళ్లాను. ఒక విద్యార్థిని ఇరవైకి పైగా మట్టికుండలను నేలమీద వరుసలుగా పేర్చింది. కుండల్లో చిన్న ఎల్ఈడీ దీపాలు, గోడ పక్కన ఒక సెన్సర్, ఒక చిన్న సర్క్యూట్ బోర్డు ఉన్నాయి. నేను సాయంత్రం వెళ్లేసరికి కుండలన్నీ చీకటిగా ఉన్నాయి. అలంకరణ కోసం పెట్టిన కుండలనుకున్నాను. "అమరిక బాగుంది, భావం అస్పష్టం" అని రాసి తక్కువ మార్కులు వేశాను.

మరునాడు ఆ అమ్మాయి వచ్చి, "సార్, మీరు చూసినప్పుడు అది నడవడం లేదండీ" అంది. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిందట. వచ్చాక బోర్డు మీద ఉన్న బటన్ నొక్కితేనే ప్రోగ్రాం మళ్లీ మొదలవుతుంది. ఆ సంగతి కాపలా ఉన్న అటెండరుకు ఎవరూ చెప్పలేదు. మనిషి దగ్గరికి వస్తే ఆ వైపు కుండలు ఒక్కొక్కటిగా వెలుగుతాయని, ఎక్కువసేపు కదలకుండా నిలబడితే అన్నీ వెలుగుతాయని నాకు అప్పుడు తెలిసింది. అంటే నేను ఆ కృతిని చూడనే లేదు. అది ఆగిపోయినప్పుడు మిగిలిన సామాను మాత్రమే చూశాను. మార్కుల జాబితా అప్పటికే పంపేశాం. దానిని మార్చలేకపోయాను.

ఇక్కడ తప్పు ఇద్దరిదీ ఉంది. కరెంటు పోయి వచ్చినా దానంతట అదే మొదలయ్యేలా ఆమె ఏర్పాటు చేయలేదు. నడవని వస్తువును కృతిగా భావించి నేను తీర్పు చెప్పాను. ఈ రెండు తప్పులూ ఒకే ప్రశ్న నుంచి వచ్చాయి: ఎలక్ట్రానిక్ కళలో కృతి అంటే ఏది? ఈ పాఠంలో ఆ ప్రశ్నను పరిశీలిద్దాం.

9.2 వస్తువా, పనితీరా?

చిత్రకారుడు కాన్వాసు మీద రంగు వేసి పని ముగించాక చిత్రం తయారైనట్లే. గదిలో దీపం ఆర్పినా అది చిత్రమే. ఎలక్ట్రానిక్ కళాకృతి అలా కాదు. అది నడిచినప్పుడే ఉంటుంది. ఈ విషయంలో అది శిల్పం కంటే సంగీతానికి దగ్గర.

వీణను ఉదాహరణగా తీసుకోండి. తీగ తెగితే కొత్త తీగ వేస్తాం. వీణ మారిందని ఎవరూ అనరు. కాని బొబ్బిలి వీణను ఒకే పనస మానుతో చెక్కుతారు. ఆ మాను చీలిపోతే, తీగలను, మెట్లను తీసి ఇంకో మానుకు బిగించి "అదే వీణ" అంటే వాయించేవారు ఒప్పుకోరు. ఒకే వాద్యంలో కొన్ని భాగాలను మార్చవచ్చు, కొన్నింటిని మార్చకూడదు. ఏది ఏ కోవకు చెందుతుందో వాద్యం తెలిసినవారే చెప్పగలరు.

ఎలక్ట్రానిక్ కళ విమర్శకుడి మొదటి పని కూడా ఇదే. పరికరాలు పాడవుతాయి. కంపెనీలు వాటి తయారీని ఆపేస్తాయి. అప్పుడు ప్రదర్శనశాల ఏదో ఒకటి మార్చక తప్పదు. ఏది మారిస్తే కృతి నిలుస్తుంది, ఏది మారిస్తే పోతుంది? దీనికి అన్ని కృతులకూ వర్తించే ఒకే జవాబు లేదు. ఒకే కళాకారుడు ఒకే రకమైన పరికరంతో, అంటే టెలివిజన్‌తో, చేసిన మూడు కృతులకు మూడు వేర్వేరు జవాబులు వస్తాయి. ఆ కళాకారుడు నామ్ జూన్ పైక్.

పైక్ 1932లో సియోల్‌లో జన్మించాడు. టోక్యో విశ్వవిద్యాలయంలో చదివి, సంగీతం అభ్యసించడానికి జర్మనీ వెళ్లాడు. 1963లో జర్మనీలోని వుపర్టాల్ నగరంలో జరిపిన ప్రదర్శనలో మార్పులు చేసిన టీవీలను కళావస్తువులుగా ఉంచాడు. 1964లో న్యూయార్క్ చేరుకుని ఎక్కువకాలం అక్కడే పనిచేశాడు. 2006లో మరణించాడు. వీడియో కళకు ఆద్యుడిగా ఆయనను పేర్కొంటారు.

9.3 'మాగ్నెట్ టీవీ': పరికరమే కృతి

ఇంట్లో పిక్చర్ ట్యూబు కలర్ టీవీ ఉన్న రోజులు మీలో కొందరికైనా గుర్తుండవచ్చు. పెద్ద స్పీకరును టీవీకి ఆనించి పెడితే తెర మూలన రంగులు మారిపోయేవి, ఆకుపచ్చగానో ఊదాగానో మరక కనిపించేది. పెద్దవాళ్లు "స్పీకరు పక్కకు జరుపు" అని కేకలేసేవారు. స్పీకరులోని అయస్కాంతమే దానికి కారణం.

పిక్చర్ ట్యూబు వెనుక భాగం నుంచి ఎలక్ట్రాన్ల పుంజం బయలుదేరి తెర లోపలి పూతను తాకుతుంది. తాకిన చోట వెలుగు వస్తుంది. ఆ పుంజాన్ని కుడి ఎడమలకు, పైకి కిందికి తిప్పడానికి ట్యూబు మెడ చుట్టూ తీగచుట్టలు ఉంటాయి. వాటిలో విద్యుత్తు ప్రవహించినప్పుడు అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. అంటే టీవీ బొమ్మను గీసేదే అయస్కాంత శక్తి.

1965లో పైక్ ఒక నలుపు తెలుపు టీవీ పైన గుర్రపునాడా ఆకారంలో ఉన్న బరువైన అయస్కాంతాన్ని పెట్టాడు. తెర మీద ప్రసారం కనిపించలేదు. దాని బదులు వంపులు తిరిగిన వెలుగు రేఖలతో ఒక రూపం ఏర్పడింది. అయస్కాంతాన్ని జరిపితే ఆ రూపమూ మారుతుంది. ఇదే 'మాగ్నెట్ టీవీ'. ప్రస్తుతం ఇది న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం సేకరణలో ఉంది.

పైక్ చేసిన పని చిన్నదిగా కనిపిస్తుంది. దాని అర్థం చిన్నది కాదు. టీవీ లోపల ఎవరికీ కనబడకుండా పనిచేసే శక్తిని ఆయన బయట, అందరి కళ్లముందు పెట్టాడు. ప్రసార కేంద్రం పంపిన బొమ్మను చూడటం తప్ప వేరే దారి లేని ప్రేక్షకుడికి, ఆ బొమ్మను తన చేతితో వంచవచ్చని చూపించాడు.

ఇప్పుడు మన ప్రశ్న వేసుకుందాం. ఈ టీవీ స్థానంలో నేటి పలుచని ఎల్‌సీడీ టీవీని పెట్టవచ్చా? పెట్టకూడదు. ఎల్‌సీడీలో ఎలక్ట్రాన్ల పుంజం లేదు. దానిపై అయస్కాంతం ఉంచినా బొమ్మ వంగదు. వంగిన బొమ్మను ముందే వీడియో తీసి తెర మీద వేయవచ్చు. కాని అప్పుడు పైన ఉన్న అయస్కాంతం అలంకారం మాత్రమే అవుతుంది. దాన్ని తీసేసినా బొమ్మ అలాగే ఉంటుంది. కారణం, ఫలితం మధ్య ఉన్న సంబంధమే ఈ కృతి. ఆ సంబంధం తెగితే కృతి లేదు. పిక్చర్ ట్యూబులు పూర్తిగా దొరకని రోజు వస్తే, 'మాగ్నెట్ టీవీ' గురించిన వీడియోను "ఇది ఒకప్పటి కృతికి సంబంధించిన దాఖలా" అని రాసి చూపడమే నిజాయితీ.

9.4 'టీవీ బుద్ధ': సంబంధమే కృతి

1974లో చేసిన 'టీవీ బుద్ధ'లో ఒక పాత బుద్ధ విగ్రహం టీవీకి ఎదురుగా కూర్చుని ఉంటుంది. టీవీ వెనుక ఉన్న వీడియో కెమెరా విగ్రహం వైపు చూస్తూ ఉంటుంది. కెమెరా చూస్తున్నది అప్పటికప్పుడు టీవీలో కనిపిస్తుంది. బుద్ధుడు తెర మీద తనను తాను చూసుకుంటూ ఉంటాడు. అంతకుమించి ఏమీ జరగదు. ధ్యానంలో ఉన్నవాడు లోపలికి చూస్తున్నాడా, తన బొమ్మను చూసుకుంటున్నాడా అనే సందేహం మనలో మొదలవుతుంది. సెల్‌ఫోనులో తమను తాము చూసుకునే నేటి తరానికి ఈ కృతి మరింత దగ్గరగా అనిపించవచ్చు.

ఇక్కడ టీవీని మార్చవచ్చా? మార్చవచ్చు. కెమెరాను మార్చవచ్చా? అదీ మార్చవచ్చు. పైక్ స్వయంగా వేర్వేరు విగ్రహాలతో, వేర్వేరు టీవీలతో ఈ ఆలోచనను అనేకసార్లు మళ్లీ చేశాడు. మార్చకూడనిది ఒక్కటే: కెమెరా నుంచి తెరకు వచ్చే ప్రత్యక్ష ప్రసారం. విగ్రహం కదలదు కాబట్టి, ముందే తీసిన వీడియోను తెర మీద వేసినా కంటికి తేడా తెలియదు. ఫొటోలో చూస్తే అసలే తెలియదు. కాని విగ్రహానికీ కెమెరాకూ మధ్య చేయి పెట్టండి. ప్రత్యక్ష ప్రసారమైతే ఆ చేయి తెర మీద కనిపిస్తుంది. వీడియో అయితే కనిపించదు. అప్పుడు బుద్ధుడు చూస్తున్నది తనను కాదు, పాత బొమ్మను.

మొదటి కృతిలో పాత పరికరం లేకుండా కుదరదు. రెండో కృతిలో పరికరం ఏదైనా ఫరవాలేదు, అమరిక ముఖ్యం. కంటికి ఒకేలా కనబడినంత మాత్రాన కృతి నిలిచినట్లు కాదని ఈ రెండూ చెబుతున్నాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. 'మాగ్నెట్ టీవీ'లో ఎల్‌సీడీ టీవీని ఎందుకు వాడకూడదు?
2. 'టీవీ బుద్ధ'లో తప్పనిసరిగా నిలవవలసిన అంశం ఏది? దానిని ఎలా పరీక్షిస్తారు?

9.5 'ద మోర్ ద బెటర్': ఒక వివాదాస్పద నిర్ణయం

మూడో కృతి దగ్గర జవాబు ఇంత సులభం కాదు. 1988 సియోల్ ఒలింపిక్స్ సందర్భంగా పైక్ దక్షిణ కొరియాలోని గ్వాచన్‌లో ఉన్న జాతీయ ఆధునిక, సమకాలీన కళా మ్యూజియంలో ఒక టీవీ గోపురాన్ని నిలబెట్టాడు. దాని ఎత్తు 18.5 మీటర్లు. చిన్నా పెద్దా కలిపి 1003 టీవీలు అంచెలంచెలుగా పైకి పేర్చి ఉంటాయి. కొరియా జాతి స్థాపన దినమైన అక్టోబరు 3ను ఆ సంఖ్య సూచిస్తుంది. 'ద మోర్ ద బెటర్' అనే పేరుకు "ఎంత ఎక్కువైతే అంత మంచిది" అని అర్థం.

పిక్చర్ ట్యూబుకు ఆయుష్షు ఉంటుంది. రోజూ గంటల తరబడి వెలిగే టీవీలు ఒక్కొక్కటిగా పాడయ్యాయి. 2003లో టీవీలన్నింటినీ మార్చారు. అప్పటికి పైక్ జీవించే ఉన్నాడు. ఆ తరువాత వాటికీ వయసు మీదపడింది. 2018లో భద్రతా తనిఖీ అనంతరం గోపురాన్ని పూర్తిగా ఆపేశారు. తరువాత ఏం చేయాలనే దానిపై చర్చ సాగింది. పిక్చర్ ట్యూబులే ఉంచాలని కొందరు, కొత్త తెరలు పెట్టాలని కొందరు వాదించారు. చివరికి మ్యూజియం మధ్యేమార్గం ఎంచుకుంది. 737 పిక్చర్ ట్యూబు టీవీలను బాగుచేసి ఉంచింది. మిగిలిన 266 చోట్ల బయటి రూపాన్ని అలాగే ఉంచి లోపల ఎల్‌సీడీ తెరలు అమర్చింది. 2022 సెప్టెంబరులో గోపురం మళ్లీ వెలిగింది. అయితే పరికరాల మీద భారం పడకుండా, వారానికి 4 రోజులు, రోజుకు 2 గంటలు మాత్రమే నడపాలని తొలుత నిర్ణయించారు.

ఈ నిర్ణయాన్ని ఎలా అంచనా వేయాలి? నేనూ మీలాగే ఈ గోపురాన్ని ఫొటోల్లో, వీడియోల్లోనే చూశాను. ఆ పరిమితిని మనసులో ఉంచుకుని నా అభిప్రాయం చెబుతాను.

ముందుగా మ్యూజియం వైపు వాదన చూద్దాం. పిక్చర్ ట్యూబు టీవీ తెర కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. దాని వెలుగు ఎల్‌సీడీ వెలుగులా ఉండదు. పెట్టె లోతుగా, బరువుగా ఉంటుంది. 1988 నాటి ప్రతి ఇంటిలోని టీవీని అది గుర్తుచేస్తుంది. అన్నింటినీ పలుచని తెరలుగా మారిస్తే గోపురం దుకాణంలోని ప్రకటనల బోర్డులా మారే ప్రమాదం ఉంది. ఈ వాదనలో బలం ఉంది. బయటి పెట్టెల రూపాన్ని కాపాడటం సరైన పనే.

కాని ఈ కృతి ఏం చేస్తుందో కూడా చూడాలి. వేయికి పైగా తెరలు ఒకేసారి వెలుగుతూ, బొమ్మలు క్షణక్షణం మారుతూ, చూసేవాడు ఏ ఒక్కదాని మీదా కన్ను నిలపలేకపోవడమే దాని అనుభవం. సమాచారం ముంచెత్తే కాలం వచ్చిందని అది చెబుతుంది. ఇక్కడ అయస్కాంతం లేదు, ప్రత్యక్ష ప్రసార వలయం లేదు. పుంజంతో బొమ్మ ఏర్పడినా, వేరే విధంగా ఏర్పడినా ఈ అనుభవం మారదు. పైగా 1988 నాటి టీవీలు 2003లోనే పోయాయి. కళాకారుడు బతికి ఉండగానే అన్నీ మారినప్పుడు, ఈ కృతి ప్రాణం ఆ ఫలానా ట్యూబుల్లో లేదని ఒప్పుకోక తప్పదు.

అందువల్ల 266 చోట్ల కొత్త తెరలు పెట్టడం ద్రోహమనే విమర్శను నేను అంగీకరించను. నా అభ్యంతరం వేరే చోట ఉంది. పాత ట్యూబుల ఆయుష్షును పొదుపు చేయడానికి కృతి ఆయుష్షును కోసేశారు. వారంలో 8 గంటలు వెలిగి మిగిలిన సమయమంతా చీకటిగా ఉండే గోపురానికి "ఎంత ఎక్కువైతే అంత మంచిది" అనే పేరు సరిపోదు. మిగిలిన సమయంలో వచ్చినవారు, నా మట్టికుండల అనుభవంలో లాగా, సామానును మాత్రమే చూసి వెళతారు. పెట్టెలను ఉంచి, లోపలి తెరలను క్రమంగా మారుస్తూ, ఎక్కువ గంటలు నడపడమే ఈ కృతికి చేయగల న్యాయమని నా అభిప్రాయం. కొన్ని ట్యూబులను మాత్రం దగ్గరగా చూడగలిగే కింది వరుసల్లో, తేడా తెలియడం కోసం ఉంచవచ్చు.

మీరు దీనితో ఏకీభవించనవసరం లేదు. ఏకీభవించకపోతే కారణం చెప్పండి. "పాతది కాబట్టి ఉంచాలి" అన్నది కారణం కాదు. "ఉబ్బెత్తు తెర వెలుగు లేకపోతే ఫలానా అనుభవం పోతుంది" అన్నది కారణం.

9.6 కోడ్ విషయంలో ఇదే ప్రశ్న

ప్రోగ్రాం కంటికి కనబడదు కాబట్టి దానికి పాతబడటం ఉండదనుకుంటాం. నిజానికి కోడ్ ఒక యంత్రాన్ని నమ్ముకుని ఉంటుంది. యంత్రం పోతే కోడ్ ఉన్నా నడవదు.

గ్రాహమ్ వైన్‌బ్రెన్, రాబర్టా ఫ్రీడ్‌మన్ 1982–85 మధ్య 'ద ఎర్ల్ కింగ్' అనే వీడియో కృతిని చేశారు. ప్రేక్షకుడు తెరను తాకితే కథ దారి మారుతుంది. వీడియోలు లేజర్ డిస్కుల మీద ఉండేవి. వాటిని ఆనాటి సోనీ కంప్యూటరు ఒకటి నడిపేది. 2004లో న్యూయార్క్‌లోని గుగెన్‌హైమ్ మ్యూజియం ఒక ప్రదర్శనలో పాత యంత్రాలతో నడిచే రూపాన్ని, కొత్త కంప్యూటరు మీద పాత కోడ్‌ను నడిపే రూపాన్ని పక్కపక్కనే ఉంచింది. ఏది మెరుగో ప్రేక్షకుడే పోల్చుకోవచ్చు. ప్రదర్శనశాల తన నిర్ణయాన్ని దాచకుండా ప్రేక్షకుడి ముందు పెట్టడం మెచ్చుకోదగిన పద్ధతి.

ఇక్కడ గమనించవలసిన చిన్న విషయం ఒకటి ఉంది. లేజర్ డిస్కు ప్లేయరు ఒక దృశ్యం నుంచి మరో దృశ్యానికి వెళ్లడానికి కొంత సమయం తీసుకుంటుంది. కొత్త కంప్యూటరుకు ఆ సమయం అక్కర్లేదు. తెర తాకిన తరువాత వచ్చే ఆ చిన్న ఎదురుచూపు కృతిలో భాగమా, లేక ఆనాటి యంత్రం లోపమా? వేగం పెరగడం ప్రతిసారీ మెరుగుదల కాదని గుర్తుంచుకోండి.

మరో ఉదాహరణ 'ఆరన్'. లండన్‌లో పుట్టిన చిత్రకారుడు హెరాల్డ్ కోహెన్ 1968లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం సాన్ డియేగో శాఖకు వెళ్లి ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు. 1970ల నుంచి 2016లో మరణించే వరకు 'ఆరన్' అనే బొమ్మలు గీసే ప్రోగ్రామును పెంచుతూ వచ్చాడు. నేటి బొమ్మలు తయారుచేసే కృత్రిమ మేధ లక్షలాది చిత్రాల నుంచి నేర్చుకుంటుంది. 'ఆరన్' అలా నేర్చుకోలేదు. గీత ఎలా మొదలవ్వాలి, ఆకారం ఎప్పుడు మూసుకోవాలి, మనిషి చేయి ఎలా వంగుతుంది వంటి నియమాలను కోహెన్ ఒక్కొక్కటిగా రాశాడు. ఆయన ప్రదర్శనల్లో పూర్తయిన బొమ్మలతో పాటు, గీసే యంత్రం కూడా ప్రేక్షకుల ముందు పనిచేసేది.

ఆ బొమ్మలను మాత్రమే ఫ్రేములు కట్టి గోడకు వేలాడదీస్తే చూడటానికి బాగానే ఉంటాయి. కాని తరువాతి గీత ఎటు వెళుతుందో అని ప్రేక్షకుడు నిలబడి ఎదురుచూసే అనుభవం ఉండదు. కోహెన్ జీవితకాలపు శ్రమ ఆ నిర్ణయాలను రాయడంలో ఉంది. కాబట్టి 'ఆరన్' విషయంలో కాగితం కంటే గీసే క్రమం ముఖ్యమని నేను భావిస్తాను.

9.7 విమర్శ రాసేటప్పుడు, కృతి చేసేటప్పుడు

ఇటువంటి కృతిని చూసి రాసేవారు కింది ప్రశ్నలు వేసుకోవాలి.
• నేను చూసినప్పుడు కృతి నడుస్తోందా? ఎంతసేపు చూశాను?
• ఇది ఏం చేస్తుంది? ఒక్క వాక్యంలో చెప్పగలనా?
• ఏ భాగం తీసేస్తే ఆ పని ఆగిపోతుంది?
• ఏదైనా మార్చి ఉంటే, ఆ మార్పును ప్రదర్శనశాల తెలియజేసిందా?

మీలో కొందరు స్వయంగా చేయాలనుకోవచ్చు. కళాకారులు, విద్యార్థులు వాడుకునేందుకు 2005 ప్రాంతంలో ఇటలీలో రూపొందిన ఆర్డుయినో బోర్డు నేడు మన పట్టణాల్లోనూ దొరుకుతుంది. చేసేవారు తమ కృతి పక్కన ఒక కాగితం ఉంచాలి. ఎలా మొదలుపెట్టాలి, కరెంటు పోయి వస్తే ఏం చేయాలి, ఏ భాగాన్ని మార్చవచ్చు, దేన్ని మార్చకూడదు అన్నవి అందులో తెలుగులో, అటెండరుకు అర్థమయ్యేలా రాయాలి. ఆ కాగితం కూడా కృతిలో భాగమే. అది ఉండి ఉంటే, ఆ సాయంత్రం నేను దీపాలు వెలిగే కుండలను చూసి ఉండేవాణ్ని.

9.8 సారాంశం

ఎలక్ట్రానిక్ కళాకృతి వస్తువుల కూర్పు కాదు, ఆ వస్తువులు చేసే పని. పరికరాలు పాడవుతాయి కాబట్టి మార్పు తప్పదు. 'మాగ్నెట్ టీవీ'లో పిక్చర్ ట్యూబు లేనిదే కృతి లేదు. 'టీవీ బుద్ధ'లో ప్రత్యక్ష ప్రసారం ఉంటే చాలు. 'ద మోర్ ద బెటర్'లో తెరల సంఖ్య, ఒకేసారి వెలగడం, ఎడతెగని మార్పు ముఖ్యం. ట్యూబులను కాపాడటానికి గోపురాన్ని ఎక్కువ సమయం ఆపడం సరికాదు. కోడ్ విషయంలోనూ యంత్రం వేగం, గీసే క్రమం వంటివి కృతిలో భాగమా కాదా అని విడిగా ఆలోచించాలి. ఏది మారకూడదో తెలిసినప్పుడే మారినదాని గురించి తీర్పు చెప్పగలం.

9.9 ముఖ్య పదాలు

పిక్చర్ ట్యూబు: ఎలక్ట్రాన్ల పుంజంతో తెర మీద బొమ్మను ఏర్పరచే గాజు గొట్టం.
ప్రత్యక్ష ప్రసార వలయం: కెమెరా చూస్తున్న దృశ్యం అప్పటికప్పుడు ఎదుటి తెరకు చేరే ఏర్పాటు.
సెన్సర్: మనిషి కదలిక, వెలుగు, శబ్దం వంటి వాటిని గుర్తించి సంకేతం పంపే పరికరం.

9.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. పైక్ మూడు కృతుల ఆధారంగా, ఎలక్ట్రానిక్ కళలో పరికరాల మార్పును చర్చించండి.
2. 'ద మోర్ ద బెటర్' పునరుద్ధరణపై ఈ పాఠంలోని అభిప్రాయాన్ని సమర్థిస్తూ లేదా ఖండిస్తూ రాయండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. 'ఆరన్' ప్రదర్శనలో గీసే యంత్రానికి ఉన్న ప్రాధాన్యం ఏమిటి?
2. మీ ఊరిలో కరెంటుతో నడిచే ఏదైనా అలంకరణను, జాతరలోని ప్రభల మీది దీపాలనైనా సరే, పరిశీలించి, అందులో ఏది మారవచ్చో, ఏది మారకూడదో రాయండి.